మామ మంచం చుట్టూ మోదుగ కొమ్మలు

అది పోలా పండుగ మరునాడు, శనివారం, పొద్దున సరిగ్గా అయిదున్నర గంటలు. అప్పట్లో నీకు గడియారం చూడటమే రాదు కదా, గంట ఇంత గట్టిగా ఎట్లా చెబుతున్నావు అని మీరడగవచ్చు. నిజమే, రాదు. కానీ మా కాలనీలో అయిదున్నరకు బొగ్గుబాయి సైరన్ కూసేది. ఆ పొద్దున అది కూయకపోయి ఉంటే నాకు చెప్పుకోవడానికి ఈ కథే ఉండేది కాదు. "మామ బతికే ఉన్నడు, మామ బతికే ఉన్నడు" అని నేను గొంతు చించుకుంటున్నాను, సైరన్ కూస్తూనే ఉంది. ఒక్కరికీ నా మాట వినపడలేదు.

ఆ రోజుల్లో అన్నీ బాగుండేవని నేను అబద్ధం రాయను. ఆ రోజుల్లో మా దగ్గర దోమలు ఇప్పటికంటే ఎక్కువ, మనుషులకు ఊపిరి ఇప్పటికంటే తక్కువ. చంద్రపూర్ దగ్గరి బొగ్గుబాయి కాలనీలో చివరి వరుసలో చివరి క్వార్టర్ మాది. ఒక గది, ఒక వంటిల్లు, ముందు నాలుగు మంచాలు పట్టే వాకిలి. మా మామ కరీంనగర్ వైపు నుంచి పని కోసం వచ్చి, మీసాలు రాకముందే బాయిలోకి దిగినవాడు. ఇరవై ఆరేళ్లు భూమి కింద బొగ్గు నింపాడు. ఊపిరితిత్తుల నిండా ఆ బొగ్గే పేరుకున్నాక పనికి పనికిరావని రాసిచ్చి పైకి పంపారు. ఆయన స్థానంలో మా ఇంటాయన దిగాడు. తండ్రి ఊపిరి పోతే కొడుక్కి నౌకరీ రావడం మా కాలనీలో అందరికీ తెలిసిన ఏర్పాటే, దాన్ని ఎవరూ వింతగా చూసేవారు కాదు. ఆ కొలువును చూసే మా నాయన నన్ను ఆ ఇంటికి ఇచ్చాడు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. (ఇక్కడ ఎవరి పేరూ రాయను. కోడలు మామ పేరు నోటితో అనకూడదని మా ఆచారం. నాకు యాభై ఏడో ఏట అక్షరాలు వచ్చాక, ఆయన పేరు ఒకసారి కాగితం మీద రాసి చూసుకొని, ఎవరూ చూడకముందే పొయ్యిలో వేశాను. ఆయన పేరే రాయనప్పుడు మిగతావాళ్ల పేర్లెందుకు?)

మామకు ఇంట్లో పడుకుంటే ఊపిరాడేది కాదు. జబ్బు ఒక కారణం. రెండోది ఆయనే చెప్పాడు. "ఇరవై ఆరేండ్లు కప్పు దిక్కు జూసుకుంటనే బతికిన బిడ్డా, ఎప్పుడు కూలుతదో అని. ఇగ నాకు కప్పు వద్దు. మొగులు కింద పండుకుంటా." అందుకని పొద్దు వాలగానే వాకిట్లో నులక మంచం వేసేవాళ్లం. ఆయన వెల్లకిలా పడుకొని, ఒక్కొక్క చుక్క పొడుచుకొస్తుంటే చిన్న పిల్లవాడు పండుగ బట్టలు చూసుకున్నట్టు చూసేవాడు. ఎండాకాలం బాగానే గడిచింది. వానలు పడ్డాయి, దోమలు లేచాయి. చుక్క పొడవకముందే మామ రెండు చేతులతో ఒళ్లంతా కొట్టుకుంటూ లేచి, గోడ పట్టుకొని లోపలికి నడిచేవాడు. ఆ నడక నేను చూడలేకపోయేదాన్ని. ఆయనకు ఇక మిగిలింది ఆ మంచమంత ఆకాశమే. దాన్ని కూడా దోమలు తీసుకుంటున్నాయి.

నేనేం చేశాను? మా ఊళ్లో అందరూ చేసేదే చేశాను. మంచం కింద మూకుట్లో నిప్పులు పోసి, వేపాకు వేసి, పొగ పెట్టాను. బాగా పెట్టాను. కొత్త కోడల్ని, పని బాగా చేస్తానని పేరు రావాలి కదా. దోమలు పోయినమాట నిజమే, కానీ మామ కూడా పోబోయాడు. దగ్గు మొదలై ఆగలేదు, కళ్లు తేలేశాడు. అత్త చీపురు పట్టుకొని వచ్చింది. ముందు మూకుడును తన్నింది, తర్వాత నన్ను కొట్టింది.

"ఏందే, మనిషినేమన్న చేప అనుకున్నవా, కింద పొగబెట్టి ఎండబెడుతున్నవు?"

"దోమలు పోతయని అత్తా..."

"దోమలు పోతయి, నా బొట్టు సుత పోతది!"

కాలనీ దవాఖానా డాక్టరు వచ్చి చూసి, ఈ మనిషి దగ్గర పొగ అన్నది కనపడకూడదన్నాడు. వేపాకు లేదు, పిడక లేదు, చుట్టచుట్టగా ఉండే కాయిల్ లేదు, మందు కొట్టేది అసలే లేదు. పొయ్యి కూడా ఇంటి వెనక్కి మార్చుకోమన్నాడు. ఆ సాయంత్రం మామ కాళ్ల దగ్గర కూర్చొని నేను ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "పొగ లేకుంట పంపు బిడ్డా వాటిని, నీ తోని అయితది" అన్నాడు. నేను పంపుతానని మాటిచ్చాను. పంతొమ్మిదేళ్ల వయసులో మాటివ్వడం చాలా సులువు.

దోమతెర కట్టవచ్చు కదా అంటారేమో. కట్టాను. నాలుగు కర్రలు పాతి కట్టాను. మామ అయిదు నిమిషాలు పడుకొని లేచి, "ఇది గూడ కప్పే" అని బయటికొచ్చేశాడు. తర్వాత వేపాకులు కాల్చకుండా పచ్చివే వాడదామనుకున్నాను. దుప్పటి కింద పరిచాను, మంచం కోళ్లకు కట్టలు కట్టాను. ఎదురింటి కాకు మేక వాసన పట్టి వచ్చింది. (కాకు అంటే మరాఠీలో పిన్నమ్మ. ఆమె మాకు చుట్టం కాదు, చుట్టాల కంటే ఎక్కువ.) ఆ మేక ముందు కట్టలు తిన్నది, తర్వాత దుప్పటి పట్టి లాగింది, మామ కింద పరిచిన ఆకులు ఆయన పడుకొని ఉండగానే తిన్నది. మామ మేకను అదిలించకుండా, "తిననియ్యి, నన్ను తినేటివి తింటనే ఉన్నయి గద, ఇదొక్కటే ఆకు తింటున్నది" అని నవ్వాడు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. నవ్వు దగ్గయింది, మళ్లీ లోపలికి తీసుకుపోయాం.

నీళ్లు నిలిస్తే దోమలు పుడతాయని కాకు చెప్పింది. చెప్పడమే ఆలస్యం, ఇంట్లో నీళ్లున్న ప్రతి గిన్నె బోర్లించాను. తొట్టి, బకెట్లు, కుండ, అత్త తల స్నానానికి పెట్టుకున్న అండా, అన్నీ. ఆ రోజు నల్లా రాని రోజు అన్నది నాకు గుర్తు లేదు. సాయంత్రం షిఫ్ట్ దిగి, నఖశిఖపర్యంతం నల్లగా, పళ్లు మాత్రం తెల్లగా మా ఇంటాయన ఇంటికొచ్చి, "నీళ్లేయి" అన్నాడు. వేయడానికి లేవు. ఆయన అట్లాగే నల్లగా అన్నం తిన్నాడు, నల్లగా పడుకున్నాడు. అత్త మూడు రోజులు నాతో మాట్లాడలేదు. (ఆ మూడు రోజులూ ఇల్లు చాలా ప్రశాంతంగా ఉండింది, ఈ వయసులో ఇది చెప్పుకుంటే తప్పేం లేదు.) దోమలు కొంచెం తగ్గాయనిపించింది. కానీ మామ చుక్కలు చూసేంత కాదు.

అట్లాంటప్పుడు పోలా వచ్చింది. మా వైపు దాన్నే పొలాల అమావాస్య అంటారు. ఇక్కడ ఎడ్ల పండుగ. ఆ రోజు కాకు తన గుమ్మం పక్కన మోదుగ కొమ్మ ఒకటి నిలబెడుతూ ఉంటే ఎందుకని అడిగాను. కాకుది సగం మరాఠీ, సగం మా దగ్గర నేర్చిన తెలుగు. నన్ను సూన్‌బాయి అనేది, కోడలా అని.

"అగ సూన్‌బాయి, నీకు మాలూమ్ లేదా? రేపు తెల్లారకముందు ఈ కొమ్మ తీస్కొని ఊరవతల పడేస్తం. మార్బత్ అంటే అదే. పీడ పోతది, రోగం పోతది, మచ్ఛర్ పోతది. 'ఘేవూన్ జా గే మార్బత్' అని గట్టిగ ఒర్లాలె. తీస్కపోవే తల్లీ అని."

"దోమలు సుత పోతయా?"

"పోతయి."

"దగ్గు?"

"ఖోక్లా? అది కూడా పోతది. ఏది చెప్తే అది."

పొగ లేదు, మందు లేదు, నీళ్లు పారబోసే పని లేదు. ఇంత మంచి ఉపాయం ఎదురింట్లో పెట్టుకొని నేను మేకల పాలయ్యానా అనుకున్నాను. కాకు ఇంటికి ఒక్క కొమ్మ చాలు. కానీ మా ఇంటి దోమలన్నీ ఇంట్లో లేవు, మామ మంచం చుట్టూ ఉన్నాయి. ఒక్క కొమ్మ ఎన్నింటిని మోస్తుంది? అది నా లెక్క. సాయంత్రం కాలనీ వెనకకు వెళ్లి మోదుగ కొమ్మలు ఎత్తగలిగినన్ని విరుచుకొచ్చి, ఇంటి వెనక దాచాను. అత్తకు చెప్పలేదు. పని అయ్యాక చెప్పి మెప్పు పొందాలనుకున్నాను.

మామకు మొదటి షిఫ్ట్ అలవాటు పోలేదు. ఎప్పటిలాగే తెల్లవారుజామున లేచి, బయట మంచం మీదికి వచ్చి, దోమలకు భయపడి తల నుంచి కాళ్ల దాకా తెల్ల దుప్పటి కప్పుకొని, కాళ్లు దగ్గరగా పెట్టుకొని పడుకున్నాడు. రాత్రంతా దగ్గిన మనిషికి అప్పుడే కునుకు పట్టింది. నేను చప్పుడు చేయకుండా కొమ్మలు తెచ్చి, మంచానికి తలవైపు, కాళ్లవైపు, రెండు పక్కలా తాళ్లతో కట్టాను. అమావాస్య మరునాటి చీకటి. ముడి కనపడక, బుడ్డి దీపం వెలిగించి మంచం తలవైపు నేల మీద పెట్టుకున్నాను.

తెలుగువాళ్లకు ఇంకా చెప్పాలా? తెల్ల దుప్పటి, పచ్చి కొమ్మలు, తలవైపు దీపం. నాకు మాత్రం ఆ నిమిషం వరకు తట్టలేదు. ఒక చేతిలో మిగిలిన కొమ్మ పట్టుకొని, పని బాగా కుదిరిందని రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటున్నాను. అత్త తలుపు తీసింది.

చూసింది. గడప మీదే కూలబడి, రెండు చేతులతో గుండెలు బాదుకుంది. నేను "అత్తా, మామ బతికే ఉన్నడు" అన్నాను. సైరన్ మొదలైంది. నేను ఇంకా గట్టిగా అరిచాను. అత్త నా నోరు కదలడం చూసి, నేను కూడా ఏడుస్తున్నాననుకొని నన్ను గట్టిగా పట్టుకుంది. సైరన్ ఆగేసరికి ఆమె రాగం అందుకుంది.

"ఓ నా రాజా... రాత్రి గటక వద్దంటివి, చారు వద్దంటివి, వట్టి కడుపుతోని పోతివా... ఇరవై అయిదేండ్ల కాపురంల ఒక్కనాడు నా మీద చెయ్యెత్తకపోతివి... నీ అసొంటోడు ఇగ ఏ బాయిల తవ్వితే దొరుకుతడు..."

కాకు పరుగెత్తి వచ్చింది, వెనక ఆమె మొగుడు కాకా. మా ఇంటాయన వంటింట్లోంచి సగం చొక్కా తొడుక్కొని వచ్చి, దుప్పటి వైపు చూసి గోడకు ఆనుకున్నాడు. షిఫ్ట్‌కు పోతున్నవాళ్లు ఇద్దరు ఆగారు. ఇద్దరూ మామతో ఒకే జట్టులో పనిచేసినవాళ్లే. ఒకాయనను మీసాలాయన అనేవాళ్లం, ఇంకొకాయనను బక్కన్న. ఇద్దరూ తలమీది టోపీలు తీశారు. దుప్పటి ఎత్తి చూడాలని ఒక్కరికీ తోచలేదు. కట్టినదాన్ని చూశాక ఇక చూడవలసింది ఏముందనుకున్నారు. నేను "లేదు, లేదు" అంటున్నాను. కాకు నన్ను పొదివి పట్టుకొని, "హో బాయి, హో, అవును. లేడు" అంటూ ఓదార్చింది.

"మంచి మనిషి," అన్నాడు మీసాలాయన. "జట్టుల ఎవలు ఎనకబడ్డా తన తట్టల బొగ్గు తెచ్చి ఆల్ల డబ్బాల పోసెటోడు."

"మంచోడే," అన్నాడు బక్కన్న ముక్కు తుడుచుకుంటూ. "గని నా తంబాకు డబ్బి తీసుకపోయిండు. మల్ల ఇయ్యనే లేదు."

"అబద్ధం!" అన్నది దుప్పటి. "అది నీ డబ్బి కాదురా!"

తర్వాత దగ్గు వచ్చింది. ఆ దగ్గును గుర్తుపట్టనివాళ్లు మా వరుసలో లేరు. బక్కన్న వెనక్కి దూకి కాకు మేక మీద పడ్డాడు. అత్త రాగం మధ్యలో ఆపి, నోరు తెరిచి చూసి, లేచి, నా చేతిలో కొమ్మ గుంజుకొని నన్ను నాలుగు బాది, ఆ తర్వాత మామను కూడా రెండు బాదింది.

"మేల్కొనే ఉన్నవా? ఇంతసేపు ఇనుకుంట పండుకున్నవా, నీకు మనసెట్ల ఒప్పిందయ్యా!"

మామ దుప్పటి తీసి కూర్చొని, ఊపిరి అందాక అన్నాడు. "ఇరవై అయిదేండ్లల్ల నీ నోట నా గురించి ఒక్క మంచి మాట ఇనలే. షురూ జేసినవు గద, ఇంకో రెండు ఇందామనుకున్న."

అత్త ఏడ్చింది. ఇందాకటి ఏడుపు కాదు, రాగం లేని ఏడుపు. మా ఇంటాయన గోడ దగ్గరే కూర్చుండిపోయాడు. నేను ఏం చేయబోయానో, ఎందుకు చేశానో వరుసగా చెప్పాను. దోమలు, కొమ్మలు, మార్బత్. కాకు తల పట్టుకొని, "అగ వేడీ, పిచ్చిదానా! ఒక్క కొమ్మ! దర్వాజా కాడ!" అన్నది. అందరూ నవ్వారు. నాకు ఆ వాకిలి పగిలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది. కొమ్మలు విప్పుదామని ముడుల మీద చెయ్యి వేశాను.

"ఉండనియ్యి," అన్నాడు మామ. "పిల్ల అంత కష్టపడి కట్టింది. దోమలు గుమ్మానికి లేవు గద, నా మీద ఉన్నయి. మార్బత్ తీసుకపోవాల్నంటే నన్ను సుతం పొలిమేర దాకా తీసుకపోవాలె. భుజాలు వచ్చినయి, వట్టిగ ఎట్ల పోతయి? ఎత్తుండ్రి."

"ఛీ, ఏం మాటలయ్యా," అన్నది అత్త. "బతికున్న మనిషిని మోస్తరా? అపశకునం."

మామ ఆమె వైపు తిరిగి, మెల్లగా చెప్పాడు. "కప్పు కూలినప్పుడు నేను నలుగురిని మోసుకొచ్చిన. ఎవలూ లేచి నాతోని మాట్లాడలే. నన్ను మోసేటప్పుడన్న మాట్లాడుకుంట పోనియ్యి."

అత్త పక్కకు తప్పుకుంది. ముందు ఇటు మా ఇంటాయన, అటు మీసాలాయన, వెనక బక్కన్న, కాకా. నాలుగు కోళ్లూ నాలుగు భుజాలకెక్కాయి. మనిషి బరువు ఏముంది, ఎముకలూ దగ్గూ. నేను కొమ్మ పట్టుకొని వెనక, నా వెనక కాకు, అందరి వెనక అత్త కొంగు నోట్లో కుక్కుకొని. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియలేదు. వరుస దాటేదాకా నాకు సిగ్గు. దాటాక మామ పైనుంచి, "ఏందే, నోరు పెగులుతలేదా? నీ దోమలే గద!" అన్నాడు. నేను అందుకున్నాను. మరాఠీ రాదు, కాకు చెప్పిన ముక్క వచ్చు. "మచ్ఛర్ ఘేవూన్ జా గే మార్బత్!" మామ పైనుంచి ఇంకా గట్టిగా, "తీసుకపోవే మార్బత్!" అన్నాడు. "ఖోక్లా ఘేవూన్ జా గే మార్బత్!" అని నేను అరిచాను. దగ్గును తీసుకుపో అని. అన్నిటికంటే గట్టిగా దాన్నే అరిచాను. ఈ మాట మీరు గుర్తు పెట్టుకోండి.

కాలనీ పొలిమేరలో ఎత్తయిన మట్టి దిబ్బ ఒకటి ఉండేది. దాని మీద మంచం దించారు. నేను కొమ్మలు విప్పి అవతలి పల్లంలోకి విసిరేశాను. వెనక్కి చూడకూడదని కాకు చెబితే చూడలేదు. వెలుతురు వస్తున్నది. దూరంగా బాయి మీది పెద్ద చక్రం తిరుగుతున్నది, మొదటి షిఫ్ట్‌ను కిందికి దింపుతున్నది. మామ దాన్ని చాలాసేపు చూశాడు. అయిదు నెలలుగా ఆయన మా వాకిలి దాటలేదన్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది. పడమటి గాలి దుప్పటిని ఎగరేస్తున్నది.

"దోమ ఏదిరా?" అన్నాడు మామ ఉన్నట్టుండి.

అందరం చూశాం. ఒక్కటి లేదు.

"మార్బత్!" అన్నాను నేను, కళ్లల్లో నీళ్లతో.

"మార్బత్ కాదు, గాలి," అన్నాడు మామ. "గాలి తిరిగే కాడ అది రెక్క ఆనియ్యలేదు. బాయిల గాలి రాని మూలకు ఏం జేస్తుంటిమిరా? గోనె పరదా ఏటవాలుగ కట్టి గాలిని మర్లుపుతుంటిమి. ఇరవై ఆరేండ్లు చేసిన పని, ఇంట్ల ఎందుకు మర్లుపలే నేను?"

మా వాకిలికి పడమట అత్త చాటు కోసం పాత రేకులు నిలబెట్టుకుంది. ఆ ఆదివారం మీసాలాయనా బక్కన్నా వచ్చి రేకులు పీకేశారు. గోనె సంచులు విప్పి కుట్టి, మామ మంచం మీంచి చెయ్యి చూపిస్తుంటే, బాయిలో కట్టినట్టే ఒక మూల నుంచి ఏటవాలుగా కట్టారు. సందులోంచి వచ్చే గాలి పరదాకు తగిలి, మలుపు తిరిగి, మంచం మీదుగా పోయింది. నీళ్ల తొట్టికి గుడ్డ కట్టాం. దోమలు పూర్తిగా పోయాయని రాయను. కానీ ఆ సాయంత్రం మామ లోపలికి నడవలేదు. చుక్కలు పొడిచాయి. ఆయన చూశాడు. అత్త కూడా ఆయన కాళ్ల దగ్గర కూర్చొని పైకి చూసింది. "ఏమున్నదయ్యా ఆడ?" అంటే, "ఏం లేదు, అదే మంచిగున్నది" అన్నాడు.

ఆయన చుక్కలు చూసిన ప్రతి సాయంత్రానికి నేను వంటింటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేదాన్ని. రాయడం రానిదాన్ని, గీత గీయడం వచ్చు. అరవై ఎనిమిది గీతలయ్యాయి. చలి మొదలైన ఒక మధ్యాహ్నం, వాకిట్లోనే, గాలిలోనే, మంచం మీదే మామ పోయాడు. ఈసారి దుప్పటి ఎత్తి చూడటానికి అందరూ తొందరపడ్డారు. బక్కన్న అయితే వంగి చెవిలో, "ఆ డబ్బి నీదే, లే" అన్నాడు. మామ లేవలేదు. అదే దారి, అదే నాలుగు భుజాలు. దిబ్బ పక్కనుంచి పోతుంటే మా ఇంటాయన ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచాడు. ఆ పొద్దున అక్కడ దింపాం కదా, అలవాటు.

ఆ సాయంత్రం ఇంట్లో దగ్గు లేదు. నేను గిన్నెలు తోముతూ ఆ నిశ్శబ్దం విని, చేతిలోది కింద పడేశాను. దగ్గును తీసుకుపొమ్మన్నది నేనే. అన్నిటికంటే గట్టిగా అన్నాను. మార్బత్ కొంచెం ఆలస్యంగా వచ్చి, దగ్గుతోపాటు అది ఎవరిదో వాళ్లను కూడా తీసుకుపోయింది. చాలా ఏళ్లు అదే నమ్మాను. ఎవరికీ చెప్పలేదు. చివరికి కాకుకు చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు, కోప్పడింది. "మార్బత్ మీద ఎందుకు వేస్తవ్? నీ మామను ఆ బొగ్గు ఎప్పుడో తీస్కపోయింది. మిగిలిన రెండు నెలలు నువ్వు తెచ్చినవ్, నీ పిచ్చితోని." నాకు ఆ మాట మీద పూర్తిగా నమ్మకం కలగలేదు. ఇప్పటికీ సగమే నమ్ముతాను. కానీ సగం చాలు, రాసుకోవడానికి.

ఇప్పుడు మా మనుమరాలు చంద్రపూర్‌లో మా ఇంటి వరండాలో కూర్చొని, బ్యాటరీ బ్యాటుతో దోమల్ని పటపటా కాలుస్తుంది. "ఆజీ, తూ పణ్ మార్ నా" అని నా చేతికిస్తుంది, నువ్వు కూడా కొట్టమని. నేను రెండు కొట్టి, ఆ కాలిన వాసనకు మూతి తిప్పుకొని, లేచి పడమటి కిటికీ తెరుస్తాను. గాలి వస్తుంది. "ఆజీ, బ్యాటు ఉంది కద" అంటుంది. ఉంది. దానికి తెలుగు మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. దాన్ని కన్నవాళ్లు మరాఠీ బడిలో వేశారు. కాబట్టి చదువుకున్న పిల్లకు బడికి పోని ముసలిది ఇది చదివి వినిపించాలి. కొమ్మలు కట్టే దగ్గరికి వచ్చేసరికి అది నవ్వుతుంది, నాకు తెలుసు. చేతిలో కొమ్మ పట్టుకొని, ముడులు సరిచూసుకొని, పని బాగా కుదిరిందని వెనక్కి జరిగి చూసుకున్న ఆ పంతొమ్మిదేళ్ల పిల్లను తలచుకుంటే నాకూ నవ్వొస్తుంది. దాన్ని ఇప్పుడు పిలిచి, ఒక్క కొమ్మ చాలునే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినే రకం కాదు.

ఆ శనివారం పొద్దున దిబ్బ మీద ఉన్నవాళ్లను నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను. మంచం మీద దుప్పటి నడుముకు చుట్టుకొని చక్రం వైపు చూస్తున్న మా మామ. ముందు కోళ్లు మోసిన మా ఇంటాయన, మీసాలాయన. వెనక కోళ్లు మోసిన బక్కన్న, కాకా. పిలవకపోయినా వచ్చిన మేకను తాడు పట్టి ఆపుతున్న కాకు. కొంగు నోట్లోంచి తీసి, మామ పాదాల మీద దుప్పటి సర్దుతున్న అత్త. వాళ్లకు కొంచెం ఎడంగా, ఖాళీ చేతులతో, వెనక్కి తిరగకూడదని పల్లం వైపే చూస్తూ నిలబడిన నేను.